క్నూట్ రోజు దాటాక

చెట్టు తీసేశాక పిల్లలకి చెబుదాం, అనుకున్నాం.
డిసెంబరు మొదటి వారంలో, రాత్రి భోజనాలయ్యాక,
నేను గిన్నెలు కడుగుతూ, తను తుడుస్తూ,
కరెంటు బిల్లు సంగతి మాట్లాడుకున్నంత మెల్లగా.
పండగ పాడు చెయ్యొద్దు, అన్నాడు సిక్స్టెన్.
సరే అన్నాను.
ఒక్క మాట మీద ఇద్దరం నిలబడి ఎన్నాళ్లయిందో.

మా హెర్నోసాండ్‌లో చెట్టుకి గడువుంది.
జనవరి పదమూడు, క్నూట్ రోజు.
పిల్లలు చెట్టు చుట్టూ చివరిసారి గంతులేసి
కొమ్మలకి కట్టిన మిఠాయిలు దోచుకుని
దాన్ని గుమ్మం బయటికి సాగనంపుతారు.
ఈసారి ఆ రోజు టూవాకి ఒళ్లు వెచ్చబడింది.
ముప్పై ఏడున్నర. జ్వరమని కూడా అనలేం.
నేనే థర్మామీటరు దీపం దగ్గర రెండుసార్లు తిప్పి చూసి
"అమ్మో, ఇవాళ గంతులు వద్దు" అన్నాను.

తర్వాతి ఆదివారం మంచు తుఫాను.
ఆ పై ఆదివారం రంపం కనిపించలేదు.
అది నా బట్టల బీరువాలో ఉంది,
చలికోట్ల వెనక, నీలం తువ్వాల్లో చుట్టి.

మెట్ల మీద ఎదురైన గుడ్రున్
"మీ కిటికీలో ఇంకా దీపాలున్నాయే" అంది
దెప్పుతోందో మురుస్తోందో తెలియని గొంతుతో.
"మంచి బల్బులండీ, కరెంటు తక్కువ తాగుతాయి" అన్నాను.
ఏం జవాబది!

ఫిబ్రవరి వచ్చింది. చెట్టు తేనీటి రంగుకి తిరిగింది.
ఆకుసూదులు మేజోళ్లలో, వెన్నగిన్నెలో,
ఈవార్ లెక్కల పుస్తకం నడిమి పేజీలో.
వాక్యూమ్ క్లీనర్ గొట్టంలో ఒకటే గరగర.
గడ్డితో అల్లిన మేక
వేలాడే కొమ్మ వాలిపోయి
నేల వాసన చూస్తున్నట్టుంది.
చెట్టు పక్కన చెక్కనేల ఎందుకో ఉబ్బింది,
పొద్దున్నే నా బొటనవేలికి తగులుతోంది.
పిల్లిని అనుమానించాను.

ఒక సాయంత్రం బఠాణీ సూప్ తాగుతూ ఈవార్ అడిగాడు:
"దీన్నెప్పుడు పారేస్తాం?"
చెంచాలు ఆగాయి.
పదకొండేళ్లవాడు. నాన్న సోఫా మీద పడుకునేది
గురక వల్లేనని చెబితే నమ్మినట్టు ఊరుకున్నవాడు.
నా మొహం చూశాడు, వాళ్ల నాన్న మొహం చూశాడు.
"ఉండనీలే" అన్నాడు వాడే,
ఎవరూ ఏమీ అనకముందే,
బ్రెడ్డు ముక్క ఇంకోటి తీసుకుంటూ.

ఒకటి మాత్రం అంతుపట్టలేదు.
స్టాండులో నీళ్లు ఎప్పుడు చూసినా అంచుదాకా.
టూవా పోస్తోందనుకున్నాను,
బొమ్మలకి పాలు పట్టినట్టు.

నిన్న రాత్రి రెండింటికి దాహమేసి లేచాను.
హాల్లో సిక్స్టెన్ నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు,
తల చెట్టు కింద, చేతిలో కాఫీ కెటిల్.
పోస్తున్నాడు, పసివాడి నోట్లో మందు పోసేంత నిదానంగా.
భుజం కొమ్మకి తగిలినప్పుడల్లా
వీపు మీద సూదులు రాలుతున్నాయి, వానలా కాదు,
ఇంకా పొడిగా, బియ్యం ఒలికినట్టు.
చెట్టు తాగడం ఎప్పుడో మానేసింది.
నీళ్లు అంచు దాటి పాకుతుంటే
తన లోచొక్కా అంచుతో ఒత్తి
మళ్లీ పోస్తున్నాడు.

పిలవలేదు.
పిలిస్తే మాట్లాడుకోవాలి కదా.
దాహం దాహంగానే వెనక్కి వచ్చేశాను,
చెక్కలు కిర్రుమనే చోటు తప్పించుకుంటూ.

నిద్ర పట్టక బీరువా తెరిచాను.
చలికోట్లు పక్కకి జరిపాను.
రంపం ఉంది. నేను పెట్టిన చోటే.
కానీ చుట్టిన తువ్వాలు నీలంది కాదు,
చారలది. స్నానాలగదిలో తన కొక్కేనికి ఉండేది.
పైన పురికొస కూడా కట్టి ఉంది,
రెండు ముళ్లు.

కోట్లు యథాస్థానంలోకి జరిపి తలుపు మూశాను.