బేచిరాగ్

మండల పటంలో నలభై ఒకటో నెంబరు, పలకలపాడు.
జనాభా సున్నా.
రెవెన్యూ వాళ్ల మాటలో బేచిరాగ్,
అంటే దీపం లేని ఊరు.
సున్నానైనా ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి కాబట్టి
మార్కాపురం నుంచి మోపెడ్ మీద నేను.

పడమట వెలిగొండ, సగం తుడిచి వదిలేసిన గీతలా.
వాగుకి పేరుంది, నీళ్లు లేవు.
దారి పొడుగునా పలకరాయి గుంతలు,
అంచుల్లో నల్లటి పెంకులు పొరలు పొరలుగా,
కాలు పెడితే అప్పడాల్లా విరుగుతున్నాయి.
ఎన్ని దేశాల పిల్లలో ఈ రాతి మీద
తమ తమ ఓనమాలు దిద్దారట.
ఈ ఊరి బడి మాత్రం ఐదో తరగతి దాటలేదు.

చరిత్ర అంటారా,
కరణం దస్త్రంలో చెదలు తిన్నంత మేర తెలియదు.
మిగిలినంతలో:
కర్నూలు జిల్లాలో పుట్టింది,
డెబ్భైలో నిద్ర లేచేసరికి ఒంగోలు జిల్లా అయింది,
మరో రెండేళ్లకి ప్రకాశం.
ఇంతా చేసి ఊరు అంగుళం కదల్లేదు.
కదిలింది జనమే.
బోరు నీళ్లకి మోకాళ్లు వంకరపోయి కొందరు,
పలకకి గిరాకీ పోయి కొందరు,
ఆఖర్న పీర్ల చావిడి తాళంచెవి కొంగున కట్టుకుని
దూదేకుల హుసేనమ్మ.

పాడు అంటే ఊరనే అర్థం.
పాడుబడ్డాక పేరు మార్చే ఖర్చు తప్పింది.

ఫారంలో సున్నా చుట్టబోతుంటే
దగ్గు వినిపించింది.
మొండిగోడ చాటున నూట ముప్పై గొర్రెలు,
ఒక కుక్క, ఒక ముసలామె.
"ఎవురు నాయనా, కరెంటోళ్లా?"
పేరు గాలెమ్మ.
వయసు, "నువ్వే ఏదోటి ఎయ్యి."
ఊరు తర్లుపాడు అవతలంట, "ఏడాదికి రెండు నెల్లు ఈడ్నే,
గడ్డి బాగుంటది."
మరి ఇల్లు?
భుజం మీది గొంగడి చూపించింది.

నిబంధన ప్రకారం ఆమె ఇక్కడిది కాదు.
అక్కడ తలుపు కొట్టిన వాడికి దొరకదు.
నా పెన్ను ఆగడం చూసి జాలిపడింది,
"గొర్లని గూడా రాసుకోయ్యా, కాయితం నిండుద్ది."

మూడు రాళ్ల మధ్య చిల్లకంప అంటించి
సత్తుగిన్నె ఎక్కించేసరికి పొద్దు గూకింది.
తారురోడ్డు ఎక్కి వెనక్కి చూస్తే
కందిగింజంత ఎర్రగా, ఊరి నడిమధ్య.
మోపెడ్ లైటు వెలుగులో ఫారం తెరిచి
జనాభా గడిలో రాశాను: దీపం ఉంది.

నాలుగో రోజున మండలాఫీసు కుర్రాడి ఫోను.
"సార్, నలభై ఒకటిలో ఏందిది?
ఆ గడి అంకెలు తప్ప తీసుకోదు."