గుటక

చిక్కడపల్లిల, స్టవ్వులు బాగుచేసే దుకాణం మీద
మొదటి అంతస్తు.
మెట్లెక్కుతుంటేనే మా ఆయన ముక్కు ఎగబీల్చి
"ఆహా, బగారా!" అన్నడు.
నేను కూడా ఆహా అన్న.
రెండేండ్ల సంది నాకు మెట్లంటే మెట్లే,
వాటి మీద ఏ వాసనా నడవది.

జ్వరమొచ్చి పోయింది. పోతూ పోతూ
నాలుక మీది చాపను చుట్టి
చంకన పెట్టుకపోయింది.
ఇంట్ల ఎవరికీ చెప్పలె.
చెప్పేంత సంగతా ఇది?
ఆవాలు వేగినయో లేదో చెవికి ఎరుక,
ఉప్పెంతో మణికట్టుకు ఎరుక,
చింతపండు పిసికితే పులుపు సంగతి వేళ్ళే చెప్తయి.
ఒక్కసారి మాత్రం పాలు మాడి,
పక్కింటి సావిత్రమ్మ గోడ దూకినంత పని చేసింది.
నిద్ర పట్టిందమ్మా, అన్న.

ఇప్పుడు బుచ్చిలింగం క్యాటరర్ టేబుల్ మీద
పదిహేడు గిన్నెలు, పదిహేడు చెంచాలు.
"వదినగారూ, మీరు సరేనంటే సరే" అని
వియ్యపురాలు వసుంధర గారు నా చెయ్యి పట్టుకున్నరు.
రాజమండ్రి మనిషి, మాటంతా బెల్లం.
బెల్లమని, విని చెప్తున్న.

ప్లేటుకు ఆరువందల యాభై.
పత్తర్ కా గోష్ట్ పెడితే ఇంకో నూటయిరవై.
లైవ్ దోశ కౌంటర్ ఫ్రీ.
ఫ్రీ అన్న మాటను మా ఆయన
కొంచెంసేపు నోట్లనే ఉంచుకున్నడు.
జనార్దన్ బావకు చైనీస్ కావాలె.
పనసపొట్టు కూర లేకుండా రిసెప్షన్ ఎలా చేస్తారో
వియ్యంకుడికి అర్థం కాదు.
మా బిడ్డ మౌక్తిక ఫోన్ల నుంచి తలెత్తకుండనే
"ఏదైనా పర్లే, చీర మీద పడనిది పెట్టండి" అన్నది.

సాలన్ చెంచా నా నోటికొచ్చింది.
వేడి తెలిసింది. నూనె జారుడు తెలిసింది. నువ్వుల గరుకు.
మిర్చి యాడనో దూరంగ,
మూసిన తలుపును ఎవరో ఒక వేలుతో తట్టినట్టు.
"కొంచెం ఉప్పు..." అని ఆగి
మా ఆయన కనుబొమ్మలు చూసిన.
కదలలేదు.
"...సరిపోయింది" అన్న.

అట్ల పన్నెండు గిన్నెలు దాటిన
ముఖాలు చదువుకుంట.
ఖుబానీ కా మీఠా కాడ మాత్రం కండ్లు మూసుకున్న.
అందరూ మైమరపు అనుకున్నరు.
అది వెతుకులాట.
మా నాయిన బేగంబజార్ల కొని
జేబుల పోసుకొచ్చిన ఎండు ఖుబానీ,
రాయితోని గింజ పగలగొడితే లోపల తెల్లటి పప్పు,
రాయి తగిలి కమిలిన నా బొటనవేలు,
అంతా గుర్తుంది.
గుర్తుకే రుచి లేదు.

కండ్లు తెరిస్తే, వాడు.
గోడకానుకొని నిలబడ్డ పిల్లగాడు,
పద్దెనిమిది దాటినయో లేదో, భుజం మీద తువ్వాల.
మూతలు తీసుడు, మూతలు పెట్టుడు వాని పని.
గోష్ట్ మూత తీసినప్పుడు వాని ముఖం
వెనకాల గోడ లెక్కనే ఉన్నది.
పనీర్ కాడ ఆవలింత ఆపుకున్నడు.
సొరకాయ దాల్చా మూత లేసింది,
ఆవిరి వాని దిక్కు మళ్ళింది,
గొంతుల ముడి ఒక్కసారి పైకి లేచి
దిగింది.

నా నోట్ల నీళ్ళూరినయి.
రెండేండ్లకు.
రుచి కాదు, రుచి రాలె.
వీధి మలుపుల దాని చెప్పుల చప్పుడు, అంతే.

"దాల్చా" అన్న.
బుచ్చిలింగం పెన్ను ఆపిండు.
"అది లెక్కల లేనిదే అక్కా,
బగారా ఎంబడి ఊరికే వస్తది."
"ఊరికే వద్దు. నడిమిట్ల పెట్టు, పెద్ద గంగాళంల.
మిగిలినయి వాళ్ళిష్టం."

వసుంధర గారు చెంచాడు నోట్లో వేసుకుని
కాసేపు ఏం మాట్లాడలేదు.
"మీ నాలుకకి దణ్ణం పెట్టాలి వదినగారూ."

అడ్వాన్స్ రాసుకుంటున్నరు లోపల.
చెప్పులేసుకుంట వాన్నడిగిన, పేరేంది బిడ్డా?
శ్రీశైలం.
తిన్నవా?
"మీరు పోయినంక తింటం అమ్మా."

మెట్లు జల్ది జల్ది దిగిన.
వెనకనుంచి మా ఆయన, అంత తొందరేంది, అంటనే ఉన్నడు.