పచ్చి ఇటుక మీద

హోసకోటె దాటినాక టెంపో ఎడమకు తిరిగింది.
బోర్డు మీద ఊరి పేరు ఉండింది,
కూడబలుక్కునేలోగా వెనక్కి పోయింది.
కదిరి నించి మమ్మల్ని తెచ్చిన సుంకప్ప
"బెంగుళూరు ఇదే" అన్నాడు.
రాత్రిపూట, చానా దూరంలో, ఆకాశం అడుగున
ఎర్రగా కొంచెం వెలుగు.
రెండున్నరేండ్లు నేను చూసిన బెంగుళూరు అంతే.

తమ్ముడి కాలు విరిగినప్పుడు తీసుకున్న పదిహేను వేలు.
ఫోన్లు బీరువాలో పెట్టి బీగమేసినారు.
శనివారం శనివారం ఎర్రట్ట పుస్తకం తెరిచి
సావుకారు రాసేవాడు,
నేను వేలిముద్ర వేసేదాన్ని, బియ్యం కొలిచేవాళ్ళు.
నాలుగో తరగతి దాకా చదివినానని
నాకే గుర్తు లేదు.

కావలి తాత మనవరాలు పుట్టతాయి.
బడి నించి వచ్చి
అప్పుడే అచ్చు తీసిన ఇటుకల మీద
పుల్లతో హోంవర్కు రాసేది.
ఇటుక చెడితే నా కూలిలో కోస్తారని తిట్టేదాన్ని.
ఒకనాడు తిట్టబోయి ఆగినాను.
దాని "ర" నాకు తెలుసు. "గ" తెలుసు. "న" తెలుసు.
మా అక్షరానికి నెత్తిన టిక్కు,
వాళ్ళ అక్షరానికి నెత్తిన గీత.
ఒక తల్లి బిడ్డలే, తల దువ్విన తీరు వేరు.
"క" మాత్రం మొండికేసింది,
దానికి వారం పట్టింది.

ఒక సాయంత్రం రెండు మాటలు రాసింది.
సాల. శాలె.
"సాల అంటే తాత తీసుకున్నాడే, అది.
శాలె అంటే నేను పోతానే, అది."
అప్పుకూ బడికీ నడుమ
నాలుక ఒక్క మడత.
"మరి అప్పు అంటే?" అని అడిగినాను.
పిల్ల లేచొచ్చి బురద చేతులతో
నా మెడ చుట్టేసింది.
"ఇదే" అంది.
వాళ్ళ భాషలో కౌగిలికి ఆ పేరంట.
నాకు చానాసేపు మాట రాలేదు.

ఆ శనివారం వేలు చాపి
కళ్ళు పుస్తకంలో పెట్టినాను.
నా వైపుకు తలకిందులుగా ఉంది,
తలకిందులుగానే చదివినాను.
బిడ్డ జ్వరానికి మాత్రలు, పన్నెండు వందలు.
వానకు కరిగిన ఇటుకలు, నా పేరున.
ఉగాదికి ఆకులో పెట్టిన ఒబ్బట్టు,
అదీ నా పేరున.
పదిహేను వేలు అరవై ఒక వేయి అయినాయి.
ఆ ఒబ్బట్టు తియ్యగానే ఉండింది, అదొకటి గుర్తొచ్చింది.

ఆ రాత్రి నించి ఇటుక అడుగున రాసినాం.
ముప్పై ఒక్కమందిమి. బయటికి పోనియ్యరు. ఊరి పేరు.
పుట్టతాయి ఒత్తులు దిద్దేది, నేను గోటితో చెక్కేదాన్ని.
తాత అటు తిరిగి దగ్గేవాడు.
బట్టీలో కాలిన మాట చెరగదు.
లారీలు సర్జాపుర వైపు పోయినాయి, వైట్‌ఫీల్డు వైపు పోయినాయి.
చానా మటుకు సిమెంటు కింద పడిపోయుంటాయి.
ఏ అపార్టుమెంటులోనో, ఎవరో మంచం ఆనించిన గోడలో
"నీళ్ళు కూడా కొనాల" అని
నా గోరు ఇంకా చెప్తానే ఉంటాది.

ఒకటి మాత్రం ఎవరో తిరగేసి చూసినారు.
తాపీ మేస్త్రీనో, గోడలు తడిపే ఆడమనిషో,
నాకు తెలీదు.
గురువారం పొద్దున తహసీల్దారు జీపు వచ్చింది.
పుట్టతాయినీ తాతనూ వేరే బండిలో ఎక్కించినారు,
చెప్పుకోను కుదర్లేదు.

మూడోనాడు కాగితం ఇచ్చినారు.
పైన "బిడుగడె" అని ఉంది.
మా విడుదలే, సరిహద్దు దాటేటప్పుడు వేషం మార్చింది.
గుమాస్తా ఇంకు ప్యాడు నా ముందుకు జరిపినాడు.
"చదవాల" అన్నాను.
గడియారం చూసుకున్నాడు.
బయట బస్సు ఇంజను ఆపలేదు, బిడ్డలు ఎక్కి కూర్చున్నారు.
వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివినాను,
"క" దగ్గర మళ్ళీ తడబడినాను.
కుళాయమ్మ అని రాసినారు.

"సార్, నా పేరు కుళ్ళాయమ్మ.
ఒత్తు లేకుంటే నీళ్ళ పంపు అయిపోతాను."
దిద్దినాడు.
పెన్ను ఇటియ్యమని చెయ్యి చాపినాను.