ఐదు గళ్ల కాగితం

ఐజోల్ నుంచి కాగితం వచ్చింది,
జీపులో, అల్లం బస్తాల కింద నలిగి.
మీ సంఘంలో ఎవరికి ఏ వరముందో
రాసి పంపమని.
అపొస్తలుడు, ప్రవక్త, సువార్తికుడు, కాపరి, ఉపదేశకుడు.
ఐదు గళ్లు. గడికి ఒక్క పేరే పడుతుంది.

చేతిరాత బావుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.
అదీ ఒక వరమేనా అని
ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కాపరి గడి తేలికనుకున్నాను.
పాస్టర్ రోహ్లూపుయా, నాలుగు కొండలకు ఒక్కడు,
మోకాలు వాచి ఈ నెల రెండూళ్లకు వెళ్లనే లేదు.
రాసేశాను.
రాశాక నర్సు బియాక్‌థువామి గుర్తొచ్చింది.
నడిరాత్రి ఎవరు తలుపు కొట్టినా
నొప్పెక్కడ అని కాదు,
తిన్నావా అని ముందు అడిగే మనిషి.
చిన్న అక్షరాలతో పక్కన ఆమె పేరు రాశాను.
కొట్టేశాను.
మళ్లీ రాశాను.

సువార్తికుడి గడికి ముగ్గురు పోటీ పడ్డారు.
ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఉపవాస ప్రార్థనలో జువాలా లేచి
గురువారానికి వాన వెలుస్తుందన్నాడు.
గురువారం కొండ జారింది.
రోడ్డు పోయింది, జోథాంపారి ఇల్లు పోయింది.
అప్పట్నుంచీ ఆ పిల్లాడు వెనక బెంచీలో
తల దించుకుని కూర్చుంటున్నాడు.
నాకు వాడి మీద కోపం లేదు, జాలి.

శనివారం కమిటీలో
కొత్త మైకుసెట్టుకు డబ్బు మంజూరు చేస్తున్నాం,
సంతకాలు కూడా సగమయ్యాయి.
గోతులు తవ్వే థాంగ్‌ఛుంగా, బురద కాళ్లతో,
గుమ్మం దగ్గర్నుంచే అన్నాడు:
"జోథాంపారి వానలో ఉంది కదా,
మైకులో ఆమెకేం చెబుతారు?"
గొంతు వణకలేదు, దర్శనమేదీ చూడలేదు.
పారను గోడకానించి వెళ్లిపోయాడు.
చాలాసేపు రేకుల మీద వాన తప్ప
ఇంకేమీ వినబడలేదు.
అతనికి చదువు రాదు.
గడిలో తన పేరున్నా పోల్చుకోలేడు.

ఉపదేశకుడు ఎవరో తేలలేదు.
ముప్పయ్యేళ్ల ప్రసంగాలు విన్నవాణ్ని,
వాటిలో జవాబు లేని ప్రశ్నే లేదు.
మొన్న ఆదివారం బడిలో ఒక బుడ్డోడు
దేవుడు కొండనెందుకు ఆపలేదని అడిగితే
పదహారేళ్ల జోదిన్‌పుయీ
"నాకు తెలీదు, నేనూ అదే అడుగుతున్నా" అంది.
పిల్లలంతా ఆమె దగ్గరికి జరిగారు.

మొదటి గడి మాత్రం ఖాళీ.
మా కొండ దాటి ఎవర్నీ పంపలేదు మేం.

దర్‌థియాంగి అవ్వ
ఎసట్లో బియ్యం పోసే ముందు
పిడికెడు తీసి పాలపొడి డబ్బాలో వేస్తుంది.
పూటకొకటి, రోజుకు రెండు, నలభై ఒక్క ఏళ్లుగా.
లెక్కేశాను, టన్నున్నర.
ఆ బియ్యం ఎక్కడికి పోతుందో ఆమెకు తెలీదు.
రసీదులు నా దగ్గరుంటాయి కనుక నాకు తెలుసు:
ఎడారి అంచున ఒక బడి,
పేరు పలకడం రాని నది పక్కన
ఒక దంపతుల ఇంటద్దె.

రోడ్డు తెగాక ఊళ్లో బియ్యం కరువు.
అయినా ఈ ఆదివారం డబ్బా తెచ్చింది,
సగానికి, అన్నీ నూకలే.
"ఈ వారానికి ఇంటికి పట్టుకెళ్లవ్వా" అన్నాను.
"పక్కన తీసిపెట్టినప్పుడే అది వెళ్లిపోయింది,
నాదెలా అవుతుంది?" అంది.

కాగితం ముందుకు జరిపాను.
అపొస్తలుడంటే ఏంటని అడిగింది.
పంపబడినవాడు, అన్నాను.
కిటికీలోంచి విరిగిన రోడ్డు చూసింది,
ఆ పైన మబ్బు.
"మన ఊరి నుంచి ఎవరైనా వెళ్లారా?"

కలం మూత తీసే ఉంది.
జీపు ఇప్పట్లో రాదు.

"సరేలే" అంది, "ముందు ఈ డబ్బా పట్టుకో,
మూత తుప్పు పట్టి
ఊడి రావడం లేదు."