పొడిగా ఉంచుకోవాలి

బెలేంలో మధ్యాహ్నం మూడింటికి వాన.
గడియారం లేనివాళ్లు కూడా
వానకి ముందు కలుద్దామనీ
వెలిశాక కలుద్దామనీ చెప్పుకుంటారు.

గ్వమా పేట ఆరోగ్య కేంద్రంలో
రేకుల కప్పు కింద
నేను గోళ్లు గీకే మనిషిని.
ఒక బ్లేడు, ఒక గాజుపలక, పొటాష్ చుక్క,
కన్ను ఆనించుకోడానికో గొట్టం.
పద్నాలుగేళ్లయింది.
ముఖాలు మరిచిపోతాను,
వేళ్లు గుర్తుంటాయి.

రేవు కూలీ ఒనెజిమో బూట్లు విప్పితే
గదిలో కిటికీ తెరవాలి.
వేళ్ల సందుల్లో తెల్లగా నానిన చర్మం,
సిగ్గుతో పైకప్పు వైపు చూసే కళ్లు.
ఫుట్‌బాల్ పిల్లలు పదకొండు మంది,
ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుని
ఒకే ఎర్ర ఉంగరాన్ని మెడ మీద పంచుకున్నారు.
గోలీ ఒక్కడికే లేదు,
వాడి చొక్కా వేరే రంగు.

మా నదివంపుల్లో తామరాకు మీద
పసిపాపని కూర్చోబెట్టొచ్చు.
ఎంత వాన కురిసినా నీటిబొట్టు నిలవదు.
ఈ తామర అలా కాదు.
నీళ్లు ఎక్కడ ఆరకపోతే అక్కడ
వచ్చి కూర్చుంటుంది.

ఇరసీల్దా, యాభై నాలుగేళ్లు, రొయ్యలు ఒలుస్తుంది.
తెల్లవారుజామున మూడింటికి మంచునీళ్లలో పెట్టిన చేతులు
పదింటికి తీస్తుంది.
మొదటిసారి వచ్చినప్పుడు పది గోళ్లకీ ఎర్రరంగు.
"రంగు తీసేసి వారం ఆగి రా" అన్నాను.
మూడు నెలలకి వచ్చింది.
ఎడమ చెయ్యి బల్లమీద పెట్టింది.
కుడి చెయ్యి ఒళ్లోనే.
"అది ఇంకా ఎర్రగానే ఉంది.
కొలిచి ఇచ్చేది దాంతోనే కదా.
పుచ్చుగోళ్లు చూస్తే ఎవరు కొంటారు?"

ఎడమ చేతిది చాలన్నాను.
గోరు కింద పసుపుపచ్చని పిండి,
బ్లేడు తగలగానే రాలింది.
గొట్టంలోంచి చూస్తే
సన్నని దారాలు, దారాల పక్కన మొగ్గలు.
అందంగా ఉంటుంది.
ఆ మాట ఇంతవరకూ
ఏ రోగికీ చెప్పలేదు.
నా ఎడమకాలి బొటనవేలు కూడా
ఎప్పుడూ గీకి చూసుకోలేదు.
అందుకే ఈ వేడిలో కూడా మూసిన బూట్లు.

కొత్త డాక్టరు దక్షిణాది నుంచి వచ్చాడు,
మంచివాడు, రోగి కూర్చున్నాకే తను కూర్చుంటాడు.
"చేతులు పొడిగా ఉంచుకోవాలి" అన్నాడు.
ఇరసీల్దా ముక్కులోంచి నవ్వింది.
"డాక్టరు బాబూ, మా ఇల్లు గుంజల మీద ఉంది.
పొయ్యి కింద నీళ్లు, మంచం కింద నీళ్లు.
గ్లవ్స్ తొడిగితే రొయ్య ముల్లు గుచ్చుకుని
చిన్న చెరువొకటి లోపలే ఉండిపోతుంది."
అతను రాస్తున్న పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత పొడిగా అన్న మాటే
కాగితం మీద రాశాడు.
వేరే ఏం రాయాలో నాకూ తెలీదు.

గోరు మారడానికి ఆరు నెలలు.
మా అలమారలో మాత్రలు నెలన్నరకి.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు,
గోరే పోతుంటే ఏం పట్టుకోవాలో
ఎవరూ అనలేదు.
కొన్ని మాత్రలు పక్కపేట కేంద్రం నుంచి
అరువు తెచ్చాను, కొన్ని ఆమె కొనుక్కుంది,
ఆ వారం ఇంట్లో ఏం తినలేదో అడగలేదు.

జూలైలో, వానకి ముందు వచ్చింది.
అడగకుండానే రెండు చేతులూ బల్లమీద పెట్టింది.
కుడి చేతికి రంగు లేదు.
ఎనిమిది గోళ్లు ఎప్పటిలాగే, గరుకుగా, బూడిదరంగులో.
రెండు బొటనవేళ్ల మొదట్లో మాత్రం
బియ్యపుగింజంత గులాబీ.

"ఇంతేనా?" అంది.
"ఇంతే" అన్నాను.
చాలాసేపు దాన్నే చూసుకుంది,
చెయ్యి కాస్త దూరం పెట్టి, దగ్గరికి తెచ్చి.
రేకుల మీద మొదటి చినుకు పడింది.
చేతులు రెండూ చంకల్లో దాచుకుని
గుమ్మం దిగింది.