తాళంచెవి

రాత్రి రెండుంబావుకి ఫోను.
వంతెన దిగాక టోలుగేటు, నాలుగో లైను.
రొయ్యల వ్యాను అడ్డంగా నిలబడిపోయిందట,
వెనకాల కొబ్బరికాయల లారీలు
రావులపాలెం దాకా హారన్లు నూరుతున్నాయట.

వెళ్ళాను.
లాఠీ జీపులోనే మర్చిపోయాను. మర్చిపోయానో, వదిలేశానో.

టోలు కుర్రాడి గుప్పిట్లో తాళంచెవి,
దానికి వేలాడుతూ ఒక ప్లాస్టిక్ చేప.
"స్టిక్కర్లో డబ్బుల్లేవు మేడమ్. రెట్టింపు కట్టమంటే తిడతన్నాడు.
బండి సీజ్ చేసేయండి."

ఓలేటి సింహాద్రి, కాట్రేనికోన అవతల.
చొక్కాకి రెండు గుండీల్లేవు.
"నిన్న సాయంత్రమే వెయ్యి ఏయించానండి.
మీ మిషను ఎక్కించుకోపోతే నేనేం చేసేదండి?"
మాట నాతో, చూపు బండి కింద.
తలుపు సందులోంచి ఐసు నీళ్ళు
చుక్కా చుక్కా తారు మీద.
ఆయన మీటరు అది.

ఒంటి మీద ఖాకీ ఉంది గనక బండి ఆపొచ్చు నేను.
లైసెన్సు అడగొచ్చు, కాగితాలు తిరగెయ్యొచ్చు,
వాసనొస్తే ఊదించొచ్చు,
కొట్టుకుంటే విడదీయొచ్చు.
ఈ గేటుకి రావలసిన రూపాయి మాత్రం
నేను వసూలు చేసేది కాదు.
బాకీకి నోటీసు ఉంటుంది. బేడీలుండవు.

"మీరే ఇలాగంటే ఎలాగండీ,"
మేనేజరు నిద్రకళ్ళతో, లుంగీ మీద కంపెనీ కోటుతో.

ఎలాగంటే,
కొత్తలో నేనూ లాగాను తాళాలు.
అమలాపురంలో ఒక్క పూట పదకొండు.
జేబులో గలగలమంటుంటే
అధికారమంటే ఆ చప్పుడేననుకున్నాను.
వాటిలో ఒక ఆటోలో
నొప్పులు పడుతున్న మనిషి ఉందని
మర్నాడెవరో చెప్పారు.
ఏ ఆటోనో చెప్పలేదు.
నేను అడగలేదు.

"ఇటివ్వు" అన్నాను.
కుర్రాడు నవ్వుతూ ఇచ్చాడు, సీజ్ చేస్తాననుకుని.
చేప చల్లగా ఉంది.
సింహాద్రి అరచేతిలో పెట్టాను.
బండి నెంబరూ టైమూ నా పుస్తకంలో,
బాకీ వాళ్ళ పుస్తకంలో.
ఎవరి పుస్తకం వాళ్ళది.

గేటు లేచింది. దణ్ణం పెట్టలేదాయన,
పెట్టే తీరిక లేదు.

నేను తిరిగొచ్చేటప్పుడు
నా జీపుకి గేటు అడక్కుండానే లేచింది.
కింద, ఆ రొయ్యల నీళ్ళు
గేటుతో పని లేకుండా
పక్క కాలవకి దారి వెతుక్కుంటున్నాయి.