నంబరు 412/2బి

ఏడేళ్లుగా నా వేళ్లకు కంఠస్థమైన అంకె అది.
జమ్మలమడుగు ఆఫీసులో కరెంటు పోయినా
చీకట్లో కొట్టగలను:
నాలుగు, ఒకటి, రెండు, అడ్డగీత, రెండు, బి.
"ఉభయ పక్షముల వాదనలు వినవలసియున్నందున
తదుపరి తేదీకి వాయిదా వేయడమైనది."
ఎదురుపక్షం పేరు మూడుసార్లు మారింది.
అమ్మినోడు, కొన్నోడు, ఇప్పుడు కంపెనీ.
ఇటుపక్క పాలెపోగు దానమ్మ ఒక్కతే,
డీకేటీ పట్టాను బ్రెడ్డు కవర్లో చుట్టుకుని
బీరువా పక్క బెంచీ మీద,
నన్ను టైపమ్మా అని పిలుస్తూ.

పిల్లల పరీక్షలైపోయాయి.
మా ఆడబిడ్డ ఫోన్లో వెతికి పట్టింది:
పెన్నా లోయ అంచున కాటేజీలు,
రాత్రికి మూడు వేల ఎనిమిది వందలు,
పొద్దున ఉగ్గాని, బజ్జి ఉచితం.
ఫోటోల నిండా ఆకాశమే.
నేలను ఎవరు ఫోటో తీస్తారు?

గది పేరు మందారం.
చుట్టూ తంగేడు తప్ప పువ్వన్నది లేదు.
కౌంటర్లో ఓబులేసు అనే కుర్రాడు
నవ్వుతూ రసీదు చింపి ఇచ్చాడు.
అడుగున, లైసెన్సు కోసం వేయక తప్పని చోట,
చీమ తలకాయంత అక్షరాల్లో
నా అంకె.

వేళ్లు ముందు గుర్తుపట్టాయి.
తర్వాత నేను.

"ఏంటొదినా, ఎక్కువ వేశాడా?"
లేదు, సరిగ్గానే వేశాడు, అన్నాను.

రాత్రి మంట వేశారు.
పిల్లలు మొక్కజొన్న కంకులు కాల్చుకున్నారు.
అందరికీ నాపబండలు,
నాకు మాత్రం నిలువుగా పాతిన కురచ రాయి దొరికింది.
చెయ్యి ఆనించి లేవబోతే
దాని తల మీద వేలికి తగిలింది బాణం గుర్తు.
ఎన్ని కాగితాల్లో కొట్టానో నేనే,
"ఈశాన్య మూల హద్దు రాయి గల్లంతు" అని.
గల్లంతేం కాలేదు.
తెల్లగా సున్నం కొట్టించుకుని ఉంది.
దాని మీద నేనున్నాను.

పడుకుని లెక్కలు వేసుకున్నాను.
తీర్పింకా రాలేదు, ఎవరిదో ఎవరికి తెలుసు.
మేం రాకపోతే బెంగుళూరు వాళ్లొస్తారు.
ఓబులేసు జీతం మా డబ్బుల్లోంచే కదా.
అడ్వాన్సు ఎలాగూ వెనక్కివ్వరు.
ఇంత రాత్రప్పుడు ఊరికి పోవడానికి బండి లేదు.
కాదు, అబద్ధం.
తలుపు వెనకే ఆటో నంబరు రాసి ఉంది.
దుప్పటి మెత్తగా ఉంది, అదీ సంగతి.
పొద్దున ఉగ్గాని కూడా బాగుంది,
రెండోసారి పెట్టించుకున్నాను.

ఇల్లు చేరకముందే ఫోను అడిగింది,
మీ బస ఎలా ఉంది, చుక్కలెన్ని ఇస్తారని.
ఆడబిడ్డ నన్నడక్కుండానే అయిదూ ఇచ్చేసింది.
నేను కిటికీలోంచి సేనిక్కాయ కట్టెల వాములు చూస్తూ కూర్చున్నా.

సోమవారం వాయిదా.
ముద్దనూరు బస్సు దిగి వచ్చింది దానమ్మ,
కొంగులో బొరుగులు.
"నల్లబడినావే టైపమ్మా, యాడికన్నా పోయింటివా?"
కోట తట్టు, అన్నాను. పిల్లలు అడిగితే.
"మా సేను తట్టా!" మొహం ఎంత వెలిగిందో.
"సందకాడ గాలి బాగుంటాది ఆడ.
కొర్ర కోసేటప్పుడు మా ఆయప్ప
కొడవలి పక్కన పెట్టి నిలబడేటోడు,
ఊరికే, గాలికి."

బంట్రోతు తేదీ చీటీ తెచ్చి నా ముందు పెట్టాడు.
వచ్చే నెల పంతొమ్మిది.
ఆమె ముందుకు వంగింది, గొంతు తగ్గించింది.
"రాళ్లు ఉండాయా తల్లీ?
ఒక్కటన్నా కండ్లబడిందా?"

ఉంది, అన్నాను. ఈశాన్యం మూలది.

"పీకలేదా! మరి దాన్నేం చేస్తాండారు?"

కూర్చుంటున్నారు.

"ఎవరు?"

రసీదు ఇంకా నా చేతిసంచిలోనే ఉంది,
అంకెతో, తేదీతో, వాళ్ల ముద్రతో, నా పేరుతో.
జిప్పు సగం దాకా తీశాను.